ఒక్క పుటలో తేలిన గుణదోషాలు: ‘చరిత్రలో ఈ రోజు’ టేబుల్ క్యాలెండర్ సమీక్ష

తెలుగు పాఠకులకు ‘చరిత్రలో ఈ రోజు’ అనే శీర్షిక కొత్తది కాదు. దినపత్రికలో ఒక మూలన కనిపించే నాలుగు వరుసలు, బడిలో ఉదయం ప్రార్థన ముగిశాక ఒక విద్యార్థి ముందుకు వచ్చి చదివే నేటి విశేషాలు, గ్రూప్స్ పరీక్షలకు సిద్ధమయ్యేవారు నోటు పుస్తకాల్లో ఎక్కించుకునే తేదీలు, ఇవన్నీ ఆ ఆసక్తికి వేర్వేరు రూపాలే. దానిని ఏడాది పొడవునా తీర్చాలన్న ఉద్దేశంతో రోజుకో పుట చొప్పున 366 పుటలతో తయారు చేసిన ఒక తెలుగు టేబుల్ క్యాలెండర్‌ను కొన్ని నెలలుగా వాడుతున్నాను. ప్రచురణకర్తల పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక సంస్థను మెచ్చుకోవడమో తప్పుపట్టడమో ఈ సమీక్ష ఉద్దేశం కాదు. ఇటువంటి క్యాలెండర్ కొనేవారు దేన్ని చూసి కొనాలో, తయారు చేసేవారు దేనిపై శ్రద్ధ పెట్టాలో చెప్పడమే నాకు ముఖ్యం.

ముందు వస్తువు సంగతి. వారం పేరు లేకుండా తేదీ మాత్రమే అచ్చువేశారు కనుక దీన్ని ఏ సంవత్సరంలోనైనా వాడుకోవచ్చు. ఫిబ్రవరి 29కి కూడా విడిగా పుట ఉంది. పుట ముందువైపు సంఘటనలు, జననాలు. వెనుకవైపు క్రీడలు, మరణాలు, వాటి కింద ఇంట్లోవారి పుట్టినరోజులు రాసుకోవడానికి గీతలు గీసిన ఖాళీ గడి ఉన్నాయి. కాగితం మందంగా ఉండడంతో ఒకవైపు అచ్చు రెండోవైపు కనిపించదు. అక్షరాలు పెద్దవి కావడంతో వయసు మళ్లినవారు కూడా ఇబ్బంది లేకుండా చదువుకోగలరు. స్పైరల్ తీగ గట్టిది, పుటలు ఊడిపోవడం లేదు. తిథి, వార, నక్షత్రాలు ఇందులో లేవన్నది లోటు కాదు, పంచాంగ క్యాలెండర్ మన ఇళ్లలో గోడ మీద ఎలాగూ ఉంటుంది. వస్తువుగా చూస్తే ఇది పెట్టిన డబ్బుకు తగినదే.

అయితే ఇటువంటి వస్తువు విలువ కాగితంలో కాక పుటలోని సమాచారంలో ఉంటుంది. 366 పుటలనూ ఒక సమీక్షలో పరిశీలించలేము కనుక, నాకు బాగా తెలిసిన ఒక తేదీని తీసుకుని, ఆ పుటను వరుస వరుసా చదివాను. ఆ తేదీ జూన్ 25. భారతీయ పాఠకులకు దీనికంటే బరువైన తేదీలు ఏడాదిలో ఎన్నో లేవు. మన క్రికెట్‌లోని రెండు మైలురాళ్లు, మన ప్రజాస్వామ్యానికి తగిలిన అతి పెద్ద దెబ్బ, ఒక ప్రధానమంత్రి జననం, ఇవన్నీ ఆ ఒక్క రోజున కలిశాయి.

మంచి నుంచి మొదలుపెడతాను. క్రీడల వైపు తిప్పగానే మొదట కనిపించేవి 1932, 1983 సంవత్సరాలు. ఈ రెండింటినీ ఒకే పేరాలో, ఒకదానికొకటి సంబంధించినవిగా రాసిన సంపాదకుడిని మనసారా అభినందిస్తున్నాను. భారత జట్టు మొట్టమొదటి టెస్టు మ్యాచ్ 1932 జూన్ 25న లండన్‌లోని లార్డ్స్ మైదానంలో మొదలైంది. సరిగ్గా 51 ఏళ్ల తరువాత, అదే తేదీన, అదే మైదానంలో భారత్ తొలిసారి ప్రపంచకప్ గెలిచింది. ఈ కలయికను గుర్తించకుండా రెండు సంవత్సరాలనూ విడివిడి వరుసల్లో పడేసిన పట్టికలను ఎన్నో చూశాను. ఇక్కడ ఆ పొరపాటు జరగలేదు.

1932 మ్యాచ్ గురించి పుటలో ఉన్నది కొద్దిపాటి సమాచారమే కానీ, ఉన్నంతవరకు సరైనది. పర్యటనకు నాయకుడిగా వెళ్లిన పోరుబందర్ మహారాజు టెస్టు మ్యాచ్‌కు పక్కకు తప్పుకోగా, కొఠారి కనకయ్య నాయుడు, అంటే మనందరి సి.కె. నాయుడు, భారత్‌కు తొలి టెస్టు కెప్టెన్ అయ్యారు. నాగపూర్‌లో పుట్టి పెరిగినా ఆయనది తెలుగు మూలాలున్న కుటుంబం. చివరి రోజుల్లో ఆంధ్ర జట్టు తరఫున కూడా రంజీ ఆడారు. డగ్లస్ జార్డిన్ నాయకత్వంలోని ఇంగ్లండ్ మొదట బ్యాటింగ్ చేస్తే, మహమ్మద్ నిస్సార్ నిప్పులు చెరిగే వేగంతో ఓపెనర్లు సట్‌క్లిఫ్, హోమ్స్ ఇద్దరినీ బౌల్డ్ చేశాడు, ఉలీ రనౌటయ్యాడు, ఇంగ్లండ్ 19 పరుగులకే 3 వికెట్లు పోగొట్టుకుంది. నిస్సార్ ఆ ఇన్నింగ్స్‌లో 93 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు. ఇంగ్లండ్ 259 పరుగులకు ఆలౌటైంది. ఫీల్డింగ్‌లో చేతికి గాయమైనా నాయుడు మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులతో జట్టులో అత్యధిక స్కోరు చేశారు. రెండో ఇన్నింగ్స్‌లో అమర్‌సింగ్ చేసిన 51 పరుగులు టెస్టుల్లో భారతీయుడి తొలి అర్ధశతకం. మ్యాచ్‌ను ఇంగ్లండ్ 158 పరుగుల తేడాతో గెలిచింది కానీ, మూడు రోజుల పాటు భారత్ ఆడిన తీరు ఆనాటి పరిశీలకులను తలతిప్పి చూసేలా చేసింది.

పుటలో సి.కె. నాయుడు పేరు ఉంది, తెలుగువాడన్న మాట మాత్రం లేదు. తెలుగులో, తెలుగువారి కోసం అచ్చైన క్యాలెండర్‌లో ఈ ఒక్క మాట లేకపోవడం నాకు బాధ కలిగించింది. 1926లో బొంబాయిలో, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేసి, భారతీయులకు టెస్టు హోదా దక్కడానికి దారి వేసిన ఆటగాడాయన. 1956లో పద్మభూషణ్ అందుకున్న తొలి క్రికెటర్ కూడా ఆయనే. ఈ వివరాలకు మరో రెండు వరుసలు చాలు. వెనుకవైపు అంతకంటే ఎక్కువ ఖాళీ స్థలమే మిగిలి ఉంది.

1983 విషయంలోనూ ఇదే లోటు మరో రూపంలో కనిపించింది. స్కోర్లు సరిగ్గా ఉన్నాయి: భారత్ 54.4 ఓవర్లలో 183 ఆలౌట్, అందులో శ్రీకాంత్ చేసిన 38 పరుగులే ఇరుజట్లలోనూ అత్యధికం. వెస్టిండీస్ 52 ఓవర్లలో 140 ఆలౌట్. భారత్ విజయం 43 పరుగుల తేడాతో. ఆ రోజుల్లో మ్యాచ్ 60 ఓవర్లదన్న సంగతిని కూడా గుర్తుచేశారు, ఈ తరం పిల్లలకు అది తెలియాలి. 1975, 1979 కప్పులు రెండూ గెలిచిన వెస్టిండీస్ ముందు 183 పరుగులంటే ఎవరికీ ఆశ లేని స్కోరు. సంధూ బంతిని వదిలేసిన గ్రీనిడ్జ్ బౌల్డ్ కావడం, 33 పరుగులతో చెలరేగుతున్న రిచర్డ్స్ మదన్‌లాల్ బంతిని గాల్లోకి లేపితే కపిల్‌దేవ్ వెనక్కి పరుగెత్తి పట్టిన క్యాచ్, 26 పరుగులు చేసి 12 పరుగులకే 3 వికెట్లు తీసిన మొహిందర్ అమర్‌నాథ్ ప్రతిభ, ఇవన్నీ ఐదారు చిన్న వాక్యాల్లో అందంగా ఇమిడాయి. ఈ పేరాను బడిలో ప్రార్థన సమయంలో యథాతథంగా చదివించవచ్చు.

కానీ ఆ జట్టుకు మేనేజర్‌గా వెళ్లినవారు హైదరాబాద్ క్రికెట్‌కు చెందిన పి.ఆర్. మాన్‌సింగ్ అనీ, జట్టులో ఉండి ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం రాని ఎడమచేతి పేసర్ సునీల్ వాల్సన్ పుట్టింది సికింద్రాబాద్‌లోననీ పుటలో లేదు. ఆంగ్ల పట్టికల్లో ఇవి ఉండవు, ఉండాల్సిన అవసరమూ వారికి లేదు. మన క్యాలెండర్‌కు ఉంది. ప్రపంచానికంతటికీ తెలిసిన విషయాన్ని తెలుగు లిపిలోకి మార్చడంతో సంపాదకుని పని పూర్తికాదు; ఆ విషయం మన ఊరిని ఎక్కడ తాకిందో వెతికి చెప్పినప్పుడే ఆ పుట మనదవుతుంది.

ఇక పుట ముందువైపు. ఇక్కడే ఈ క్యాలెండర్ నన్ను తీవ్రంగా నిరాశపరిచింది. ‘1975: దేశంలో అత్యవసర పరిస్థితి విధింపు’ అని ఒకే ఒక్క వరుస. దాని పక్కనే 1876లో అమెరికాలో జరిగిన లిటిల్ బిగ్ హార్న్ యుద్ధానికి మూడు వరుసలు, అందులోనూ సైన్యాధికారి కస్టర్ మరణం తప్ప, ఆ యుద్ధంలో గెలిచిన లకోటా, షయెన్ అనే అమెరికా ఆదివాసీ జాతుల ప్రస్తావన లేదు. ఏదో విదేశీ పట్టికను ఆధారం చేసుకున్నారని, అందులో ఏది ఎంత ముఖ్యమో మన దృష్టితో తూచలేదని ఈ నిష్పత్తి చెబుతోంది.

ఎమర్జెన్సీకి కావలసినది పెద్ద వ్యాసం కాదు, నాలుగు సరైన వాక్యాలు. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా ఇందిరాగాంధీ రాయ్‌బరేలీ ఎన్నిక చెల్లదని తీర్పు ఇచ్చారు. జూన్ 24న సుప్రీంకోర్టు వెకేషన్ జడ్జి (సెలవుల కాలంలో కేసులు వినే న్యాయమూర్తి) జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ షరతులతో కూడిన స్టే మాత్రమే మంజూరు చేశారు. జూన్ 25 సాయంత్రం ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో ప్రతిపక్ష ఉద్యమ నాయకుడు జయప్రకాశ్ నారాయణ్ భారీ సభ జరిపారు. ఆ రాత్రే రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ రాజ్యాంగంలోని 352వ అధికరణం కింద ప్రకటనపై సంతకం చేశారు. దాదాపు 21 నెలల పాటు, 1977 మార్చి 21 వరకు, అది కొనసాగింది. ఇంత వరుసక్రమం తెలిస్తేనే చదివే విద్యార్థికి ‘విధింపు’ అన్న పదం వెనుక ఏముందో అర్థమవుతుంది.

పరీక్షలకు చదివేవారి కోసం మరో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ క్యాలెండర్‌ను వారికి ఉపయోగపడేదిగా అట్టపెట్టె మీద ప్రకటించుకున్నారు. జూన్ 25, జూన్ 26 అన్న రెండు తేదీలూ పుస్తకాల్లో కనిపిస్తాయి, అభ్యర్థులు తికమక పడతారు. సంతకం జరిగింది 25వ తేదీ అర్ధరాత్రికి ముందు. కేంద్ర మంత్రివర్గం దాన్ని ఆమోదించింది 26 తెల్లవారాక. ప్రధాని ఆకాశవాణిలో ప్రజలకు తెలియజేసింది కూడా 26 ఉదయమే. అంటే దేశప్రజల్లో చాలామందికి ఎమర్జెన్సీ జూన్ 26న మొదలైంది. 25వ తేదీ రాత్రే ఢిల్లీలోని పత్రికా కార్యాలయాలకు కరెంటు తీసేశారు, కాబట్టి మరునాటి పత్రికలు చాలావరకు వెలువడలేదు. అంతేకాదు, 1971 యుద్ధ సమయంలో విధించిన బాహ్య అత్యవసర పరిస్థితి అప్పటికే అమల్లో ఉంది. 1975లో వచ్చింది ‘అంతర్గత కల్లోలం’ పేరుతో విధించిన వేరొకటి. 1978లో 44వ రాజ్యాంగ సవరణ ఆ పదాన్ని తొలగించి ‘సాయుధ తిరుగుబాటు’ అని చేర్చింది. ఇది తరచుగా అడిగే ప్రశ్న. ఒక్క వరుసతో సరిపెట్టిన పుట ఇక్కడ ఎవరికీ ఉపయోగపడదు.

తెలుగునాటికి సంబంధించి చెప్పుకోవలసినదీ ఇక్కడ ఎక్కువే. ఆదిలాబాద్ జిల్లాకు చెందిన నక్సలైట్ ఉద్యమకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఎమర్జెన్సీ కాలంలోనే, 1975 డిసెంబర్ 1న, హైదరాబాద్ ముషీరాబాద్ జైలులో ఉరితీశారు. 1977 లోక్‌సభ ఎన్నికల్లో ఉత్తర భారతమంతా కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోతే, ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 ఆ పార్టీకే దక్కాయి. మిగిలిన ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా పార్టీ అభ్యర్థిగా గెలిచిన నీలం సంజీవరెడ్డి మొదట లోక్‌సభ స్పీకర్, ఆ ఏడాదే ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. దేశం ఒకవైపు, మన రాష్ట్రం మరోవైపు తీర్పు చెప్పిన ఆ ఎన్నికను గుర్తుచేయకుండా జూన్ 25ను తెలుగు పాఠకుడికి వివరించడం కష్టం.

జననాల పట్టిక మధ్యస్థంగా ఉంది. చివరి వైస్రాయ్ మౌంట్‌బాటెన్ (1900), దేశంలో తొలి మహిళా ముఖ్యమంత్రిగా 1963లో ఉత్తరప్రదేశ్ బాధ్యతలు చేపట్టిన సుచేతా కృపలానీ (1908), బాగ్దాద్‌లో పుట్టి హిందీ సినిమా గజళ్లకు ప్రాణం పోసిన సంగీత దర్శకుడు మదన్‌మోహన్ (1924), మాజీ ప్రధాని విశ్వనాథ్ ప్రతాప్ సింగ్ (1931), నటి కరిష్మా కపూర్ (1974) ఇందులో ఉన్నారు. తేదీలన్నీ సరైనవే. ఒకే వరుసలో మౌంట్‌బాటెన్ పక్కన సుచేత పేరు చూడడం నాకు ఆసక్తి కలిగించింది: 1947 ఆగస్టు 14 రాత్రి రాజ్యాంగ సభలో వందేమాతరం ఆలపించింది ఆమే, ఆ మరునాడు స్వతంత్ర భారతానికి తొలి గవర్నర్ జనరల్‌గా ప్రమాణం చేసింది ఆయనే. క్రికెట్ పేరాలో చూపిన నేర్పును సంపాదకుడు ఇక్కడ కూడా చూపి ఉంటే బాగుండేది.

వి.పి. సింగ్ పేరు ఎదుట ‘భారత మాజీ ప్రధాని’ అని మాత్రమే ఉంది. 1989 డిసెంబర్ 2 నుంచి 1990 నవంబర్ 10 వరకు సాగిన ఆయన పాలన ఏడాదికి కాస్త తక్కువే అయినా, 1990 ఆగస్టు 7న వెనుకబడిన తరగతుల రిజర్వేషన్లపై మండల్ కమిషన్ చేసిన సిఫారసుల అమలును ప్రకటించడంతో దేశ రాజకీయాల దిశ మారిపోయింది. ఆయన్ను ప్రధానిని చేసిన నేషనల్ ఫ్రంట్‌కు అధ్యక్షుడు ఎన్.టి. రామారావు. 1989లో రాష్ట్రంలో తెలుగుదేశం ఓడిపోయినా, ఎన్టీఆర్ ముందుండి నిర్మించిన కూటమి ఢిల్లీలో ప్రభుత్వం ఏర్పాటు చేసింది. ఈ వాక్యం లేకుండా వి.పి. సింగ్ తెలుగు పుటలో అతిథిగానే మిగిలిపోతారు.

పుట్టినరోజుల విషయంలో మొత్తం క్యాలెండర్‌కు వర్తించే ఒక సూచన. మన పెద్దల జన్మతేదీల్లో చాలావాటికి ఒకటికంటే ఎక్కువ వాదనలున్నాయి. గురజాడ అప్పారావు జననానికి 1861 నవంబర్ 30, 1862 సెప్టెంబర్ 21 రెండూ ప్రచారంలో ఉన్నాయి. శ్రీశ్రీకి 1910 జనవరి 2, ఏప్రిల్ 30 రెండూ కనిపిస్తాయి. తిథిని బట్టి గుర్తుంచుకున్న పుట్టుకను ఆంగ్ల తేదీలోకి మార్చడంలో వచ్చిన తేడాలు కొన్నైతే, బడిలో చేర్చినప్పుడు మాస్టారు వేసిన తేదీలే శాశ్వతమైపోయినవి మరికొన్ని. మన ఇళ్లలో పెద్దవారిని అడిగితే ‘అసలు పుట్టినరోజు వేరు, సర్టిఫికెట్‌లో ఉన్నది వేరు’ అని చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇటువంటి పేర్ల దగ్గర చిన్న నక్షత్ర గుర్తు పెట్టి, మరో తేదీ కూడా వాడుకలో ఉందని అడుగున రాస్తే పాఠకుడి నమ్మకం పెరుగుతుంది. ఈ క్యాలెండర్‌లో ఎక్కడా ఆ పని చేయలేదు.

మరణాల దగ్గర ఒక వివరం చర్చించదగినది. పాప్ గాయకుడు మైకేల్ జాక్సన్ 2009 జూన్ 25న మరణించారని ఉంది. అమెరికా లాస్ ఏంజెలెస్ కాలమానం ప్రకారం అది సరైనదే. ఆయన మరణాన్ని అక్కడ ధ్రువీకరించిన మధ్యాహ్నం 2.26 గంటలకు మన గడియారాల్లో జూన్ 26 వేకువ 2.56 అయింది. సంఘటన జరిగిన చోటి తేదీనే ఇవ్వాలన్న నియమం సబబైనదే, ప్రపంచమంతా పాటించేదే. కానీ ఆ నియమాన్ని మొదటి పుటలో ఒక వాక్యంలో చెప్పి ఉంటే, ‘మేము విన్నది 26న కదా’ అని సందేహపడే పాఠకుడికి సమాధానం దొరికేది.

మిగిలిన వరుసలను వేగంగా దాటవచ్చు. 1950లో ఉత్తర కొరియా సేనలు 38వ అక్షాంశ రేఖను దాటడంతో కొరియా యుద్ధం మొదలవడం ఉంది. లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో భారత సైన్యపు 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అక్కడ అందించిన వైద్యసేవ లేదు. 1975లో మొజాంబిక్ పోర్చుగల్ నుంచి స్వాతంత్ర్యం పొందడం ఉంది. మన దగ్గర పౌరహక్కులు పోయిన రోజే ఆఫ్రికాలో ఒక దేశం విముక్తి పొందిందని గమనించినప్పుడు కొంతసేపు ఆలోచనలో పడ్డాను. 1991లో క్రొయేషియా, స్లొవేనియాల స్వాతంత్ర్య ప్రకటనలు కూడా సరిగ్గానే ఉన్నాయి.

ఫుట్‌బాల్ దగ్గర మాత్రం ఒక మంచి అవకాశం చేజారింది. 1978 జూన్ 25న బ్యూనస్ ఏరిస్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్లో అర్జెంటీనా అదనపు సమయంలో 3-1 తేడాతో నెదర్లాండ్స్‌ను ఓడించింది, మారియో కెంపెస్ రెండు గోల్స్ కొట్టాడు. సరిగ్గా పదేళ్లకు, 1988 జూన్ 25న మ్యూనిక్‌లో, అదే నెదర్లాండ్స్ 2-0తో సోవియట్ యూనియన్‌ను ఓడించి యూరో కప్ అందుకుంది. రూడ్ గులిట్ తలతో కొట్టిన మొదటి గోల్, మార్కో వాన్ బాస్టెన్ దాదాపు గీత అంచు నుంచి వాలీగా కొట్టిన రెండో గోల్ ఇప్పటికీ ఆ క్రీడాభిమానుల కళ్లముందు ఉంటాయి. డచ్ పురుషుల జట్టు గెలిచిన ఒకే ఒక పెద్ద టోర్నీ అది. క్యాలెండర్‌లో ఈ రెండూ ఉన్నాయి, కానీ రెండింటి మధ్య సంబంధం లేని మరో మూడు వరుసలు వచ్చి కూర్చున్నాయి. లార్డ్స్ విషయంలో కుదిరిన కూర్పు ఇక్కడ కూడా కుదిరి ఉంటే, ఒక తేదీన ఓడినవారు పదేళ్లకు అదే తేదీన గెలిచిన కథ ఫుట్‌బాల్ తెలియని పాఠకుడికి కూడా గుర్తుండిపోయేది.

ఇదంతా చూశాక మరికొన్ని పుటలు కూడా తిప్పి పరిశీలించాను. తీరు ఇంచుమించు ఒకటే. క్రీడల భాగాన్ని ఆ విషయంపై ప్రేమ ఉన్నవారు, శ్రమపడి రాశారు. రాజకీయ, సామాజిక సంఘటనలను మాత్రం ఎక్కడి నుంచో తెచ్చి కుదించారు. అచ్చుతప్పులు చాలా తక్కువ, నేను సరిచూసిన సంవత్సరాల్లో తప్పు దొరకలేదు. ఇటువంటి ప్రచురణల్లో ఇది అరుదైన గుణమని గట్టిగా చెప్పగలను.

ఎవరు కొనవచ్చునంటే: ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులు ప్రార్థన సమావేశం కోసం నిస్సంకోచంగా తీసుకోవచ్చు, ముందువైపు వరుసలకు సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయులు రెండు మాటలు జోడించి చెబితే సరిపోతుంది. క్రికెట్ అంటే ఇష్టపడే ఇంటికి ఇది మంచి కానుక. విదేశాల్లో ఉంటూ పిల్లలకు తెలుగు చదివించాలనుకునే తల్లిదండ్రులకు రోజుకో పుట చదివించడానికి అక్షరాల పరిమాణం, వాక్యాల సరళత రెండూ అనుకూలంగా ఉన్నాయి. గ్రూప్స్, డీఎస్సీ అభ్యర్థులు మాత్రం దీన్ని తేదీ గుర్తుచేసే సాధనంగానే వాడుకుని, వివరానికి పాఠ్యపుస్తకం తెరవాలి. అట్టపెట్టె మీది ప్రకటనను నమ్మి దీనితోనే సరిపెట్టుకుంటే జూన్ 25 వంటి పుటల దగ్గర నష్టపోతారు.

మలి ముద్రణకు ప్రచురణకర్తలకు నా విన్నపం ఇది: జూన్ 25 పుటలో లిటిల్ బిగ్ హార్న్‌ను గెలిచినవారి పేరుతో సహా ఒక వరుసకు తగ్గించి, మిగిలిన చోటును ఎమర్జెన్సీకి ఇవ్వండి. సి.కె. నాయుడు పక్కన తెలుగువాడని, 1983 జట్టు దగ్గర మాన్‌సింగ్, వాల్సన్‌ల పేర్లు చేర్చండి. నంద్యాలకు ఒక వాక్యం కేటాయించండి. ఈ మార్పులతో వచ్చే ప్రతిని మా ఊరి గ్రంథాలయానికి నేనే కొని ఇస్తాను.